అరగంటకోసారి తిప్పాల్సిన చక్రం

ఆ శనివారం పొద్దున ఆమె పెట్టుకున్న పని ఒక్కటే. బీరువా మీది పాత సూట్‌కేసులు దించి, దుమ్ము దులిపి, మళ్ళీ బీరువా మీదే పెట్టడం. వాటిలో ఏమీ లేదని ఆమెకు తెలుసు. అయినా ఇంట్లో ఉన్నదే ఇద్దరు మనుషులైనప్పుడు, ఆ ఇద్దరిలో ఒకరు పొద్దున్నే ఆఫీసుకు పోయేటప్పుడు, మిగిలినవాళ్ళకు దించి ఎక్కించే పని ఏదో ఒకటి ఉండాలి కదా.

స్టూలు వేసుకుంది. కొడుకు ఆఫీసుకు పోయాక స్టూలు విరిగి పడిపోతే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదనిపించి, వెళ్ళి తలుపు గడియ తీసి వచ్చింది. గడియ తీసి ఉంటే దొంగలు వస్తారనిపించి, మళ్ళీ వెళ్ళి వేసి వచ్చింది. ఇంకా స్టూలు ఎక్కనే లేదు, బాల్కనీలోంచి కొడుకు "అమ్మా" అని పిలిచాడు.

ఆమెకు గుండె ఝల్లుమంది. వాడు ఊరికే పిలిచే మనిషి కాడు. ముప్ఫై దాటాయి. భూముల పటాలు గీసే ఆఫీసులో పని. రోజంతా ఎవరిదో పొలానికీ ఎవరిదో స్థలానికీ గీతలు గీసి ఇంటికొస్తాడు. ఇంట్లో వాడి మాటలు మూడే: "ఆకలి", "చాలు", "తాళం". వాళ్ళ నాన్న పోయాక వాటిక్కూడా కరువొచ్చింది.

నాలుగు నెలల కిందట సైకిలు పిచ్చి పట్టుకుంది. తయారుగా ఉన్నది కొనుక్కుంటే ఒక గోల వదిలేది, వీడు ముక్కముక్కగా తెచ్చి కట్టడం మొదలుపెట్టాడు. ముందు హాల్లోకి ఎముకల గూడులా ఒట్టి ఫ్రేము వచ్చింది. తర్వాత గొర్రె కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. ఆ తర్వాత రిమ్ములు, గొలుసు, పళ్ళ చక్రాలు. సోఫాలో ఆమె కూర్చునే చోట సీటు కూర్చుంది.

"అందరూ తారు రోడ్డుకి ఒకటి, కంకర రోడ్డుకి ఒకటి, రెండు బళ్ళు పెట్టుకుంటారు. నేను రెండిటికీ ఒకటే కడతానమ్మా" అన్నాడు ఒకరోజు భోజనం దగ్గర. ఆ ఏడాది వాడు మాట్లాడిన వాటిలో అదే అన్నిటికంటే పొడుగు మాట. సంతోషించాలో భయపడాలో తెలియక ఆమె రెండూ చేసింది. సన్న టైరు తారు మీద పరుగెడుతుందట, కంకరలో జారుతుందట. లావు టైరు కంకరలో నిలబడుతుందట, తారు మీద ఈడుస్తుందట. అందుకని సన్నమూ లావూ కానిదాని కోసం నెల రోజులు వెతికాడు. పెళ్ళికూతుర్ని ఎంచినట్టు టైరును ఎంచాడు. పెళ్ళికూతుర్ని ఎంచమంటే మాత్రం "చాలు" అంటాడు.

తారు రోడ్డంటే ఆమెకు లారీలు. కంకర రోడ్డంటే జారిపడి, చుట్టుపక్కల నరమానవుడు లేక, ఫోనులో చార్జింగు లేక అలా పడి ఉండటం. ఇన్నాళ్ళూ ఏ భయం దారి దానిదే. రెండు రోడ్లకీ ఒకటే బండి అనేసరికి రెండూ కలిసి వచ్చి ఆమె పక్కలో పడుకున్నాయి.

అయినా ఆమె ఆ సైకిలును ఇంట్లోంచి తోసెయ్యలేదు. కారణం పోయిన వారం జరిగింది. వాడి ఆఫీసు కిందే పళ్ళ డాక్టరు ఒకాయన ఉన్నాడు. వీడు టైరు భుజాన వేసుకుని పోతుంటే చూసి, "సైకిలు కడుతున్నావా? ఆదివారం కలిసి పోదాం, వస్తావా?" అన్నాడట. ఆ సంగతి చెప్పేటప్పుడు వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఎవరో ఒకరు వీణ్ణి పిలిచారు. ఎన్నేళ్ళయిందో! ఆమె భయాలన్నిటికీ అట్టడుగున ఒక భయం ఉంది, దాన్ని ఎప్పుడూ పైకి తియ్యదు. తను పోయాక వీడితో 'తిన్నావా' అనేవాళ్ళు ఎవరు? ఆ ఒక్కదాని ముందు లారీలు కూడా చిన్నవే. ఆదివారం నాటికి ఆ సైకిలు తయారు కావాలి, అంతే.

బాల్కనీలోకి పరుగెత్తింది. వెనక చక్రం ఒక బకెట్టు మీద పడుకోబెట్టి ఉంది.

"ముందుది అయిపోయిందమ్మా. ఇదే రిమ్ముకి పట్టకుండా మొండికేసింది. గాలి కారకుండా టైరులో పాలలాంటి మందు పోశాను. గాలి గట్టిగా కొట్టాను. ఎండ తగిలితే టైరు మెత్తబడుతుంది. అరగంటకోసారి రెండో పక్కకి తిప్పాలి, మందు అంతటా పట్టాలి. ఈపూట ఆఫీసు ఉంది, నువ్వు తిప్పుతావా?"

"తిప్పుతాను నాన్నా. మందంటే విషమా? కళ్ళలో పడితే?"

"ఏం కాదు. దాన్నుంచి శబ్దం వస్తే..."

"శబ్దం సంగతి సరే, గొడుగు పట్టుకున్నావా? మబ్బుగా ఉంది. మెట్ల మీద తడి ఉంది చూసుకో. ఆ మలుపు దగ్గర ఆగి వెళ్ళు. నీళ్ళ సీసా? జేబురుమాలు?"

వాడు మిగతా మాట మింగేసి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

సూట్‌కేసుల సంగతి ఆమెకు గుర్తుకైనా రాలేదు. కుర్చీ తెచ్చుకుని చక్రం పక్కన కూర్చుంది. గడియారం చూసి అరగంట కాగానే, చంటిపిల్లాడికి పక్క మార్చినట్టు రెండు చేతులా ఎత్తి తిప్పింది. ఎండ దానికి ఎక్కువవుతుందేమోనని తువ్వాలు కప్పింది. ఎండ తగలాలన్నాడు కదా అని తీసేసింది. చాలా రోజుల తర్వాత ఇంట్లో తన కోసం కనిపెట్టుకుని ఉన్నది ఒకటుంది. "ఇదుగో, రేపు మావాణ్ణి కింద పడెయ్యకు" అని దానికి బుద్ధులు కూడా చెప్పింది.

మధ్యాహ్నం దాటాక, ఎత్తి తిప్పబోతుండగా, చేతుల్లోనే "ఫట్!" అంది. తేరుకునేలోపు మళ్ళీ "ఫటాల్!"

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చక్రం బకెట్టు మీద పడింది, బకెట్టు దొర్లింది, ఆమె కుర్చీతో సహా వెనక్కి పడింది. బుగ్గ మీద తెల్లటి చుక్కలు చిమ్మాయి. కింది వాటాలో షాపు పెట్టుకున్న టైలరమ్మ కుట్టుమిషను ఆగిపోయింది.

"వదినా! సిలిండరా?"

ఆమెకు నోట మాట రాలేదు. మాట రాకపోవడమే టైలరమ్మకు జవాబయింది. "సిలిండరు పేలింది! అందరూ దిగిపోండి!" అని మెట్ల మీద అరిచింది. ఆ భవనంలో ఒకరి మొహం ఒకరెరగని జనమంతా తలా ఒక వస్తువు చంకన పెట్టుకుని వీధిలోకి దిగారు. ఎవరో ఫోను చేశారు. కాసేపటికి గంట కొట్టుకుంటూ ఫైరింజన్ వచ్చింది.

హెల్మెట్టు పెట్టుకున్న పెద్దాయన ముందు, గొట్టం మోసేవాళ్ళు వెనక, మూడంతస్తులూ ఎక్కి వచ్చారు.

"ఏం పేలిందమ్మా?"

ఆమె చక్రం చూపించింది.

ఆయన చక్రాన్ని చూశాడు. ఆమెను చూశాడు. గొట్టం మోసి రొప్పుతున్న తనవాళ్ళను చూశాడు. వంగి బొటనవేలితో టైరు నొక్కాడు. "ఇది పేలలేదమ్మా. రాయిలా ఉంది."

"అదే కదండీ నా భయం! అంత గట్టిగా పేలాక కూడా ఇలా ఉందంటే, లోపల ఇంకెంత మిగిలుందో!"

ఆ మాటకు ఆయన కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు.

"రేపు మా అబ్బాయి దీని మీద కంకర రోడ్డులో పోతాడు. అక్కడ పేలితే ఎవరున్నారండీ? మీరున్నారు కాబట్టి సరిపోయింది."

"సరే, గాలి తీసేస్తే మీకు నిమ్మళమేగా" అని ఆయన వాల్వు విప్పాడు. గాలితో పాటు తెల్లటి మందు బుస్సుమని ఆయన మీసాల మీదికి కొట్టింది. ఆయన తువ్వాలు అడిగి తీసుకుని, తుడుచుకుని, "తెలిసినవాళ్ళకి చూపించండి" అని దిగిపోయాడు.

"నేను ముందే చెప్పాను వదినా, ఆ సామాను ఇంట్లో పెట్టుకోవద్దని" అంది వాళ్ళ వెనకే ఎక్కి వచ్చిన టైలరమ్మ. ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. అసలు వాళ్ళిద్దరూ మాట్లాడుకుని ఏడాది పైనే అయింది.

గాలి పోయి టైరు మెత్తబడిపోయింది. సాయంత్రం వాడొచ్చేలోపు బాగు చేయించాలి. చక్రాన్ని దుప్పటిలో చుట్టి, పొదివి పట్టుకుని, వీధి చివరి సైకిలు షాపుకు నడిచింది. ఆ షాపాయన పుట్టినప్పటి నుంచీ పంక్చర్లే వేస్తున్నాడు.

టైరు ఊడదీసి ఆయన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "చెల్లెమ్మా, మీవాణ్ణి ఎవరో నిలువునా ముంచేశారు. ఇందులో ట్యూబే లేదు!"

"లేదా?"

"ట్యూబు బదులు పాలు పోసి అంటగట్టారు. చూడండి, ముద్దలు కూడా కట్టింది."

"వాడు అమాయకుడు అన్నయ్యా. ఎవరేమిచ్చినా తలూపి తెచ్చుకుంటాడు. రేపే వాడి ప్రయాణం, ఎలాగైనా..."

"నా చేతికొచ్చింది కదా, మర్చిపోండి."

ఆయన సబ్బు పెట్టి టైరును లోపలా బయటా కడిగాడు. గాలి పోకుండా రిమ్ముకు అంటించి ఉన్న పట్టీని చెత్త అనుకుని పీకేశాడు. మంచి లావుపాటి ట్యూబు తీశాడు. దాని వాల్వు రిమ్ము బెజ్జంలో దూరలేదు. "కంపెనీవాళ్ళకి బుద్ధి లేదు, ఇంత చిన్న బెజ్జమా!" అని డ్రిల్లు పెట్టి దాన్ని పెద్దది చేశాడు. రవ్వలు లేస్తుంటే ఆమె రెండు చేతులూ జోడించి నిలబడింది. ఇంటికొచ్చి చక్రాన్ని బకెట్టు మీద పడుకోబెట్టి, మధ్యలో తప్పిపోయిన అరగంటలన్నిటికీ కలిపి వరసగా తిప్పింది.

కొడుకు చెప్పులు కూడా విప్పకుండా వచ్చాడు. "అమ్మా, శబ్దం వచ్చిందా?"

ఆమె అబద్ధమాడదామనుకుంది. చేత కాలేదు. "వచ్చింది నాన్నా. రెండుసార్లు."

"రెండుసార్లా!" వాడి మొహం వెలిగిపోయింది. పదో తరగతి పాసైన రోజు తర్వాత ఆమె ఆ నవ్వు చూడలేదు. "రెండు పక్కలా కూర్చుందన్నమాట! మూడు రోజులుగా ఆ శబ్దం కోసమే చస్తున్నానమ్మా. ట్యూబు లేని టైరు కదా, ఎగిరి రిమ్ము అంచుకి పట్టుకుంటే అలా పేలినట్టు వస్తుంది. అది వస్తే ఇక చూసుకోనక్కర్లేదు. పొద్దున నీకు అదే చెప్పబోయాను..."

చెబుతూనే బాల్కనీలోకి నడిచాడు. చక్రం ఎత్తి, లావు వాల్వును వేలితో తడిమాడు. బెజ్జం చుట్టూ గీసుకుపోయిన రిమ్మును చూశాడు. రోజంతా అంగుళంలో వందో వంతు తేడాలు చూసే కళ్ళవి.

ఆమె మొత్తం చెప్పింది. సిలిండరు, ఫైరింజన్, మీసాలు, పాలు, డ్రిల్లు. వాడు విన్నాడు. చక్రాన్ని మెల్లగా మళ్ళీ బకెట్టు మీదే పెట్టాడు.

"తిట్టరా."

"తిట్టడానికేముందమ్మా."

తిట్టి ఉంటే బాగుండేది. గదిలోకి వెళ్ళి ఫోనులో మాట్లాడటం గోడ ఇవతలికి వినిపించింది. "రేపు రాలేనండీ... చక్రం పాడైంది... లేదు, పెద్ద కథ... పర్లేదండీ, మీరు వెళ్ళండి." ఆ "మీరు వెళ్ళండి" ఎంత అలవాటుగా అన్నాడో! ఆమె వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. జారి పడతాడని, లారీ కింద పడతాడని, పిడుగు పడుతుందని భయపడింది. వాణ్ణి ఆపేది తనే అవుతుందని మాత్రం భయపడలేదు.

ఆదివారం తెల్లవారగానే తలుపు దబదబా బాదారు. మళ్ళీ ఫైరింజనేమో అనుకుంది. తీసి చూస్తే, బొద్దుగా ఉన్న మనిషి, తలకు హెల్మెట్టు, వీపున డాలులా ఒక చక్రం.

"రానంటే ఊరుకుంటానా? నా పాత చక్రం తెచ్చాను. ఎక్కడ రోగి?"

పళ్ళ డాక్టరు హాల్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పాడైన చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, బెజ్జంలోకి ఫోను లైటు వేసి చూశాడు. "అబ్బబ్బ! ఎవరు చేశారండీ ఈ రూట్ కెనాల్?"

ఆమె తలుపు చాటునుంచి చెయ్యెత్తింది.

ఆయన పగలబడి నవ్వాడు. ఆశ్చర్యం, కొడుకు కూడా నవ్వాడు. ఇద్దరూ కలిసి పళ్ళ చక్రాన్ని ఊడదీసి ఆయన తెచ్చిన దానికి బిగించారు. ఫైరింజన్ కథ ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. రెండోసారి కొడుకే చెప్పాడు, పెద్దాయన మీసాలతో సహా. ఆమె టీ పెడుతూ వంటింట్లో కదలకుండా నిలబడి వింది. వాడికి ఇన్ని మాటలు వచ్చా? ఈ ఇంటి గోడలకు ఇంత గొంతు పడుతుందా? టీ పొంగిపోయింది.

గుమ్మం దగ్గర కొడుకు సైకిలు భుజాన ఎత్తుకుని వెనక్కి తిరిగాడు. తారుకీ కంకరకీ ఒకే బండి, అన్నట్టుగానే కట్టాడు. ఆమె నాలుక చివర నీళ్ళ సీసా, గొడుగు, లారీలు, మలుపు, అన్నీ వరసకట్టి ఉన్నాయి. పళ్ళు బిగించి ఆపుకుంది. ఈసారి వాడి మాట మధ్యలో అడ్డు రాకూడదు, పూర్తిగా వినాలి.

"వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

ఆమె ఆగింది. ఇంకాస్త ఆగింది. మాట అంతే.

మెట్ల మీద డాక్టరు గొంతు, దాని వెనక వాడి గొంతు, ఒక్కో అంతస్తూ దిగి వీధిలో కలిసిపోయాయి. బాల్కనీలోంచి మలుపు దాకా చూసింది. కింద టైలరమ్మ షాపు మూసి ఉంది. సోఫాలో ఆమె చోటు ఖాళీ అయింది. వెళ్ళి కూర్చుంది. లేచింది. బీరువా మీది సూట్‌కేసుల వైపు చూసింది, మనసు పుట్టలేదు.

పాడైన చక్రం బాల్కనీలో బకెట్టు మీద అలాగే ఉంది. దానిలో మందూ లేదు, అవసరమూ లేదు. ఆమె కుర్చీ దాని పక్కకు లాక్కుని కూర్చుంది, అరగంట కాగానే లేచి రెండో పక్కకి తిప్పింది.