పాస్టరుగారి స్టాకు మీద పడ్డ నింద

మంగళవారం పొద్దున్న గున్నార్ ట్వేట్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. మూడు తుపాకీ స్టాకులు, అంటే గొట్టం బిగించి భుజానికి ఆనించుకునే పిడులు, తూచడం, వంచి చూడడం, తుపాకులు కాల్చే మైదానంలో ఒక్కోదానితో మూడేసి గుండ్లు కాల్చడం, భోజనం వేళకు ఇల్లు చేరడం. శనివారం వేట మొదలవుతుంది. మోంటానాలోని ఆ కొండల్లో పెద్ద మగ ఎల్క్ దుప్పిని కొట్టే అనుమతికి ఏటా లాటరీ తీస్తారు. పంతొమ్మిదేళ్ళుగా పేరు ఇస్తుంటే గున్నార్‌కు ఈ ఏడు తగిలింది. అరవై ఏడేళ్ళ మనిషి ఇంకో పంతొమ్మిదేళ్ళు ఎక్కడ ఆగుతాడు? గురి తప్పితే ఇక అంతే. పది రోజులుగా ఆయనకు తిండి సయించడం లేదు.

భయమంతా తన స్టాకు మీదే. ఫ్యాక్టరీలో తుపాకీతోపాటు వచ్చిన నల్ల ప్లాస్టిక్కుది. ముందు భాగం ఎంత మెత్తనంటే, వేళ్ళతో నొక్కితే వెళ్ళి గొట్టానికి ఆనుకుంటుంది. అలా ఆనుకుంటే గుండు దారి తప్పుతుందని ఊరంతా అంటుంది. అందుకని అదే రకం తుపాకీ ఉన్న ఇద్దరి స్టాకులు అడిగి తెచ్చుకున్నాడు. ఒకటి బావమరిది వెర్లిన్‌ది, లోపల అల్యూమినియం దిమ్మతో బండలా ఉంటుంది. రెండోది పాస్టర్ సాథర్‌గారిది, గట్టిదే కానీ తేలిక.

భార్య లోర్నా పిండి తూచుకునే కాటా అడగకుండా పట్టుకెళ్ళి తూచాడు. పాస్టరుగారిదే అన్నిటికన్నా తేలికని తేలింది. తర్వాత షెడ్డులో ఒక్కోదాన్నీ బిగించి ముందు కొసకు బకెట్ నీళ్ళు వేలాడదీశాడు. తనది అర అంగుళం వంగింది. మిగతా రెండూ చలించలేదు. గున్నార్‌కు కాస్త ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యం మైదానం దాకానే నిలిచింది. వంద గజాల దూరంలో తన స్టాకుతో మూడు గుండ్లు మూడు అంగుళాల మేర చెదిరాయి. వెర్లిన్ స్టాకు బిగిస్తే నాలుగు అంగుళాలు. పాస్టరుగారిదానితో ఆరు. స్టాకు మెరుగయ్యేకొద్దీ గురి పాడవుతోంది. చేతులు వణుకుతున్నాయా, కళ్ళు పోయాయా? మైదానం కాపలాదారు వచ్చి ఏమైందని అడిగాడు. వేటకు నాలుగు రోజుల ముందు తన చేతుల మీద అనుమానం ఉందని ఎలా ఒప్పుకుంటాడు?

"పాస్టరుగారి స్టాకు పనికిరానిదయ్యా," అనేశాడు.

కాపలాదారు పదింటికి కేఫ్‌లో కాఫీ తాగాడు. పదకొండింటికల్లా చర్చివాళ్ళు నలుగురు తుపాకులతో మైదానానికి దిగారు. పాస్టరుగారి మాట మీద నలుగురూ అదే స్టాకు కొనుక్కున్నవాళ్ళే. వెనకాలే వెర్లిన్, ఆ వెనక మొహం చిన్నబుచ్చుకుని పాస్టరుగారు.

"గున్నార్, వీళ్ళకి కొనిపించింది నేను," అన్నారు పాస్టరుగారు. "తప్పు నిజంగా దానిదేనా? చెప్పు."

ఆయన కళ్ళలోకి చూడలేక గున్నార్ సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఎండకి మెత్తబడుతుందేమోనండీ."

"మంచు పడుతుంటే ఎండేంటి బావా?" అన్నాడు వెర్లిన్. "సరేగాని, నాదానితో గుండ్లు నాలుగు అంగుళాలు చెదిరాయని కాపలాదారు ఊళ్ళో చెబుతున్నాడు. నీకు ఇచ్చినందుకు నాకు ఇదా మర్యాద?"

ఈలోగా ఆ నలుగురూ తమ తుపాకుల మరలు ఊడదీసి బల్లల మీద పరిచారు. వేటకు పోయే ఊళ్ళో నాలుగు తుపాకులు తన ఒక్క మాటకు విడిభాగాలైపోయాయి. సరిగ్గా అప్పుడే లోర్నా తన కాటా వెతుక్కుంటూ వచ్చింది. బల్ల మీద గున్నార్ తుపాకీ అడ్డంగా ఉంటే, దాని పైనున్న గురి చూసే దుర్భిణి పట్టుకుని పక్కకు జరిపింది. దుర్భిణి ఆమె చేతిలో కదిలింది.

"పోయిన వారం దీన్ని తీసి తుడిచిందెవరు?" అంది.

తుడిచింది గున్నారే. తిరిగి పెట్టాక దాని మరలు చేత్తో తిప్పి వదిలేశాడు. గుండు పేలినప్పుడల్లా అవి ఇంకాస్త వదులయ్యాయి.

లోర్నా పాస్టరుగారి దగ్గర పానా అడిగి తీసుకుని మరలు బిగించింది, నాలుగు గుండ్లు కాల్చి గురి సరిచేసింది, కూర్చుని మూడు పేల్చింది. పాస్టరుగారి స్టాకు మీదే. మూడు రంధ్రాలూ ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

గున్నార్ టోపీ తీశాడు. "స్టాకుది కాదు, తప్పు నాది. అబద్ధమాడాను," అన్నాడు అందరి ముందూ.

పాస్టరుగారు అక్కడికక్కడే క్షమించారు. ఆ తర్వాత తన స్టాకు విప్పుకుని కారులో పెట్టుకున్నారు, శనివారం ఆయనా వేటకు వెళ్ళాలి మరి. వెర్లిన్ కూడా తనది చంకన పెట్టుకుని వెళ్ళాడు. గున్నార్‌కు మిగిలింది మెత్తటి ప్లాస్టిక్కే. అది బిగించి, మళ్ళీ గురి చూసుకుని కాలిస్తే మూడు గుండ్లూ ఒకటిన్నర అంగుళం మేర చెదిరాయి. పంతొమ్మిదేళ్ళ ఎదురుచూపు ఆ ఒకటిన్నర అంగుళానికి అప్పగించాలంటే ఏడుపొచ్చింది.

శనివారం పొద్దెక్కాక రెండో గట్టు మీద, రెండు వందల గజాల్లో, మగ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడింది. గున్నార్ ఊపిరి బిగబట్టి ఒక్కటే కాల్చాడు. అది అక్కడే కూలింది.

ఏ స్టాకు మెరుగో ఆ ఎల్క్‌కు ఎవరూ చెప్పినట్టు లేదు.