కమలాబాయి కాలు కింద పెట్టని రోజు

ఆ సోమవారం పొద్దున కమలాబాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురు వసుధ ఏడున్నరకు ఇల్లు కదులుతుంది. ఏడు ముప్పై రెండుకు తాను కదలాలి. ఆ రెండు నిమిషాల్లో గ్యాస్ కట్టేసిందో లేదో మూడుసార్లు చూసుకోవాలి.

వసుధకు పుట్టుకతోనే చూపు లేదు. ఇంటర్ చదివిన రెండేళ్లూ కమలాబాయి కాలేజీలో కూతురి వెనక బెంచీ మీద కూర్చుంది. చివరికి హాజరు పిలిచేటప్పుడు లెక్చరరు ఆవిడ పేరు కూడా పిలవడం మొదలుపెట్టాడు. ఆ రెండేళ్లలో వసుధకు ఒక్క స్నేహితురాలు కూడా దొరకలేదు. ఎవరైనా పక్కన కూర్చోబోతే చాలు, కమలాబాయి ముందుకు వంగి, ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా అని అడిగేది.

అందుకే బొల్లారం దాటాక ఉన్న కొత్త యూనివర్సిటీలో సీటు రాగానే వసుధ జాగ్రత్తపడింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక తల్లిని ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఆ యూనివర్సిటీల కాలు పెట్టనని నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి."

"తల మీద ఎందుకే? దేవుని పటం మీద వేస్త."

"దేవునితోని నువ్వు మల్ల మాట్లాడుకుంటవ్. నా తల మీదనే వెయ్యి."

కమలాబాయి చెయ్యి కూతురి తల దాకా తెచ్చి ఆపింది. బిడ్డ తల మీద వేసిన ఒట్టు తప్పితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. అంటే ఏమవుతుందో తెలియదు. తెలియదు కాబట్టే ఏదైనా కావచ్చు. ఒట్టేసింది. వేసి, తన షరతు కూడా పెట్టింది.

"రేపు నువ్వొక్కదానివే పో, ఒక్కదానివే రా. ఏ తక్లీఫ్ గాకుంటె హాస్టల్ కాయితం మీద సంతకం పెడ్త. జెర్రంత తేడా వచ్చినా హాస్టల్ లేదు, యూనివర్సిటీ లేదు. ఇంట్ల కూసోని చదువుకో."

హాస్టల్ కాగితం ఇచ్చే గడువు మంగళవారం సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది. కాగితం వసుధ సంచిలో ఉంది. ఆ అమ్మాయి చదువంతా ఆ ఒక్క సంతకం మీద ఆగి ఉంది.

తెల్లారింది. వసుధ తెల్లకర్ర తీసుకుని, అమ్మకు చెప్పి, వీధి మలుపు తిరిగింది. కమలాబాయి చెప్పులేసుకుంది. రాణిగంజ్‌లో నీళ్ల మోటార్లు బాగుచేసే భర్త సదాశివ చాయ్ తాగుతూ చూశాడు.

"ఒట్టేసినవ్ గదా, ఏడికి?"

"గేటు దాంక. గేటంటె యూనివర్సిటీ గాదు."

"మరి గేటు ఎవరిదో?" అన్నాడు సదాశివ. అప్పటికే ఆవిడ రాంగోపాల్‌పేట్ సందు చివర ఆటో ఆపుతోంది. ఎదురుగా వసుధ ఎక్కిన బస్సు కదులుతోంది.

"ఆ బస్సు ఎనకాలనే పోవాలె. ముంగటికి పోవద్దు, దూరం గావద్దు," అంది.

"పోలీసు మనిషా అమ్మా మీరు?" అన్నాడు ఆటో అతను.

"తల్లిని."

అతను కార్ఖానా చౌరస్తా మీదుగా బొల్లారం దాకా బస్సుకు ఆటో తోకలా పట్టుకుని నడిపాడు.

యూనివర్సిటీ గేటు దగ్గర నేల మీద తెల్ల గీత ఉంది. వసుధ బస్సు దిగింది. కర్రతో తడుముకుంటూ, గేటు పక్కనున్న చిన్న బ్యాటరీ బండి డ్రైవరుతో ఒక నిమిషం ఏదో మాట్లాడి, లోపలికి వెళ్లిపోయింది. కమలాబాయి ఆ గీతకు బెత్తెడు దూరంలో ఆగి లోపలికి చూసింది. చూస్తే చూపు ఆగలేదు. భవనం వెనక భవనం, దాని వెనక ఇంకో భవనం. గాజు గోడల్లో ఆకాశం కనిపిస్తోంది. 'ఇంత పెద్ద చోటుల నా బిడ్డ తప్పిపోతె దొరుకుతాదా' అనుకుంది. ఎండ ముదురుతోంది. అరగంట గడిచినా ఆవిడ కదలలేదు.

ఇందాకటి బండి గీత దాటి వచ్చి ఆవిడ పక్కన ఆగింది. డ్రైవరు విజయేందర్ యాభై ఏళ్ల మనిషి.

"ఎక్కుండ్రమ్మా. ఎండల నిలబడొద్దు."

కమలాబాయి క్షణం ఆలోచించింది. ఒట్టు కాలు పెట్టడం గురించి. చక్రాల గురించి ఏమీ అనలేదు. బండిలో పెట్టిన కాలు బండిలో పెట్టినట్టే గాని, యూనివర్సిటీలో పెట్టినట్టు కాదు. ఎక్కింది.

"పదకొండేండ్ల కింద ఈడ రెండు రేకుల షెడ్లు ఉండె, నలభై మంది పిల్లలు," అన్నాడు విజయేందర్ బండి తోలుతూ. "ఇప్పుడు తొమ్మిది వేల మంది. గా పెద్ద బిల్డింగు మొన్ననే కట్టిన్రు."

"తొమ్మిది వేలా!" అంది కమలాబాయి. ఆవిడ ఏడో తరగతి దాకా చదివిన బడిలో మొత్తం అరవై మంది పిల్లలు, ఒకటే పంతులు, ఒకటే బెత్తం.

బండి ఒక వరండా ముందు ఆగింది. "దిగుండ్రమ్మా, నీడ పట్టున కూసోండ్రి."

"దిగను."

"గదేందమ్మా?"

"కాలు కింద పెట్టేటట్టు లేదు నాయనా."

ఎందుకో చెబితే కూతురి పేరు చెప్పాలి. పేరు చెబితే మరు నిమిషంలో కూతుర్ని పిలుస్తారు. అందుకని కమలాబాయి నోరు మూసుకుని బండి కడ్డీని రెండు చేతులా పట్టుకుంది. విజయేందర్ ఆవిడ కాళ్ల వంక జాలిగా చూసి ఫోన్ తీశాడు.

మూడు నిమిషాల్లో చక్రాల కుర్చీ వచ్చింది. దాన్ని తోసుకొచ్చిన హదస్సా మేడం అక్కడ దివ్యాంగుల సహాయ కేంద్రం చూసుకుంటుంది. కాకినాడ మనిషి, మాటలో తొందర లేదు.

"కంగారు పడకండమ్మా, మేమున్నాం కదండీ. కాలు కింద పెట్టక్కర్లేదు, ఇటు జరగండి చాలు."

కమలాబాయి బండిలోంచి కుర్చీలోకి జరిగింది. అత్తకు తుంటి ఎముక విరిగినప్పుడు ఆసుపత్రి వరండాలో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా కుర్చీ కోసం కూర్చున్నారు. ఇక్కడ కాళ్లు బాగానే ఉన్న మనిషికి మూడు నిమిషాల్లో కుర్చీ!

"ఎన్నాళ్ల నుంచండీ ఇలా?" అడిగింది హదస్సా.

"పొద్దుగాల నుంచే."

"ఈవేళ పొద్దున్నుంచా!" హదస్సా ముఖం మారిపోయింది. "అంతకుముందు నడిచేవారా?"

"మంచిగనే నడిచేదాన్ని."

ఆమె ఇంకొక్క ప్రశ్న అడగకుండా కుర్చీని లిఫ్టు వైపు తిప్పింది. లిఫ్టంటే కమలాబాయికి చావు భయం. కళ్లు మూసుకుంది. ఎక్కడి నుంచో ఆడగొంతు ఒకటి స్వచ్ఛమైన తెలుగులో "మూడవ అంతస్తు" అంది. చూపులేని పిల్లల కోసం అలా పలుకుతుందని హదస్సా చెప్పింది. "సల్లగుండు తల్లీ," అంది కమలాబాయి లిఫ్టుతో.

మూడో అంతస్తులో ఫిజియోథెరపీ పరిశోధనశాల ఉంది. అక్కడ ఒక చెయ్యి లేని యువకుడు, దాని బదులు అమర్చిన మరచేత్తో, ఉడికిన కోడిగుడ్డు పెంకు తీస్తున్నాడు. తెల్లసొన మీద గీత కూడా పడలేదు. రెండు మంచి చేతులుండి కూడా తాను ఏనాడూ అంత శుభ్రంగా తీయలేదు కదా అనుకుని కమలాబాయి నోరు తెరిచి చూస్తుండగానే ప్రొఫెసర్ సత్యదేవ్ వచ్చాడు. ఉన్నట్టుండి నడక పోయిన మనిషి అని హదస్సా చెప్పేసరికి ఆయన కళ్లు మెరిశాయి. చిన్న సుత్తితో మోకాలి కింద తట్టాడు. కాలు ఎగిరి ఆయన జేబుకు తగిలింది.

"కాళ్లలో లోపమేమీ లేదే! మరి నిలబడలేకపోతున్నారా? లేక మనసు ఒప్పుకోవట్లేదా?"

"మనసు ఒప్తలేదు సార్," అంది కమలాబాయి. అబద్ధం ఆడే అలవాటు ఆవిడకు లేదు.

"రాసుకోండి!" అన్నాడాయన విద్యార్థులతో. ఆరుగురు రాసుకున్నారు. ఒకడు కెమెరా తీశాడు. ఎదురు భవనంలో ఉన్న మనస్తత్వ శాఖ వాళ్లకు వెంటనే చూపించాలన్నాడు సత్యదేవ్. కుర్చీ కదిలింది. వెనక ఆయన, హదస్సా, ఆరుగురు విద్యార్థులు. కిందికి దిగేసరికి మరచెయ్యి యువకుడు, ఇంకో ముగ్గురు కలిశారు. లష్కర్ బోనాల నాటి అమ్మవారి ఘటం ఊరేగింపులా తయారైంది. కమలాబాయి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఏ మూలన వసుధ గొంతు వినిపిస్తుందోనని చెవులు రిక్కించి కూర్చుంది.

దారిలో ఒక తరగతి గాజు తలుపు పక్కనుంచి వెళ్లారు. లోపల మేడం బోర్డు మీద ఏదో కొండలాంటి గీత గీస్తోంది. ఒక పిల్లవాడు అదే గీతను ఉబ్బెత్తు అట్ట మీద వేళ్లతో చదువుతున్నాడు. చెవులు వినిపించని అమ్మాయి ఒకతె, పక్కన నిలబడి చేతులతో పాఠం చెబుతున్న మనిషిని చూస్తూ మిగతా వాళ్లకంటే ముందే తలూపింది. కమలాబాయి మెడ తిప్పి, కనిపించినంత సేపూ చూసింది. ఎవరి వెనకా ఎవరి అమ్మా కూర్చోలేదు.

బయటికి రాగానే ఎదురు భవనం మెట్ల మీద నవ్వు వినిపించింది. పైమెట్టు అంచున వసుధ నిలబడి ఉంది. పక్కన ఎవరో అమ్మాయి. వసుధ అటు తిరిగి మాట్లాడుతోంది, కర్ర చంకలో ఉంది, చెయ్యి ఎక్కడా పట్టుకుని లేదు. ఒక కాలు గాలిలోకి లేచింది.

"వసూ! మెట్లే!"

కమలాబాయి కుర్చీలోంచి దూకింది. ఉరికింది. చెప్పులు రెండూ చెరో దిక్కుకు పోయాయి.

"నడుస్తున్నారు!" అని కేకేశాడు సత్యదేవ్.

"ఉరుకుతున్నరు సార్!" అన్నాడు ఒక విద్యార్థి.

"కెమెరా! కెమెరా!"

మూడో మెట్టు మీద చీర కుచ్చెళ్లు కాలికి చుట్టుకుని కమలాబాయి బోర్లా పడి బావురుమంది. పది మంది పరుగెత్తుకొచ్చారు. వాళ్లందరికంటే నెమ్మదిగా, కర్ర చివర మెట్టు మెట్టుకూ ఆనిస్తూ, వసుధ పైనుంచి దిగి వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"మెట్లు పద్నాలుగుంటయమ్మా. పొద్దటి నుంచి నాలుగుసార్లు ఎక్కి దిగిన. నువ్వు మూడో దాని మీద పడ్డవ్."

"మూడోదని నీకెట్ల తెల్సే?"

"నీ ఏడుపు ఎంత ఎత్తుల నుంచి వస్తుందో నాకు తెల్వదా?"

కమలాబాయికి అప్పుడు గుర్తొచ్చింది. కూతురి తలను రెండు చేతులతో తడిమింది. "కాలు పెట్టిన్నే! రెండు కాళ్లూ పెట్టిన! నీ తలకు ఏమైతదో!"

"ఏం గాదు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. అయిపాయె. నువ్వు రాకుంట ఉంటవా? అందుకనే గేటు కాడ ఎవరన్నా అమ్మ పరేషాన్‌గ నిలబడితె నీడకు తీస్కపో అన్నా అని పొద్దుగాలనే బండి డ్రైవరన్నకు చెప్పిన."

"మీ అమ్మ అని చెప్పలే గదా బిడ్డా!" అన్నాడు గోల విని బండి ఆపి వచ్చిన విజయేందర్.

"అయితే ఇదంతా ఒట్టేనాండీ?" అంది హదస్సా. సత్యదేవ్ సుత్తి జేబులో వేసుకున్నాడు. రాసుకున్న ఆరుగురూ నెమ్మదిగా కలాలు మూశారు.

వసుధ నవ్వు తగ్గిపోయింది. "తక్లీఫ్ అయితె హాస్టల్ లేదన్నవ్. ఇంక లేదంటవ్ గదా?"

కమలాబాయి చుట్టూ చూసింది. ఒకమ్మాయి ఆవిడ చెప్పులు తెచ్చి పట్టుకుని నిలబడింది. ఒకడు నీళ్లిస్తున్నాడు. మరచెయ్యి యువకుడు ఆ చేత్తోనే విసనకర్రలా పుస్తకం ఊపుతున్నాడు.

"తక్లీఫ్ నీకైందా, నాకైందా? కండ్లున్నదాన్ని నేను పడితి," అంది. "ఇగో, ఇను. ఈడ కాలు కింద పెట్టనంటె కుర్చీ తెచ్చిన్రు. పడితె పది మంది ఉరికొచ్చిన్రు. ఇంట్ల నీకేమన్నయితె ఉరికెటిదాన్ని నేనొక్కదాన్నే, నాకా మోకాళ్ల నొప్పులు. మీ నాయనకు మోటార్ల మోతల ఏం ఇనపడదు. నేను ఇన్నేండ్లు నిన్ను ఎంత డేంజర్ల పెట్టిన్నే! కాయితం తియ్యి."

మూడో మెట్టు మీదే, హదస్సా కలంతో, కమలాబాయి తన పేరు ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. కాగితం కూతురి చేతికిచ్చి లేవబోయింది. చీలమండలో చురుక్కుమంది. కూర్చుండిపోయింది. చూస్తుండగానే కాలు బూరెలా పొంగింది.

సత్యదేవ్ వంగి, వేలితో నొక్కి చూశాడు. ఆయన ముఖంలో మళ్లీ వెలుగొచ్చింది. "ఇది మాత్రం నిజమే! పది రోజులు కాలు కింద పెట్టకూడదు."

ఆ రోజు ఆ యూనివర్సిటీకి బాగున్న కాళ్లతో వచ్చి, చక్రాల కుర్చీలో బయటికి వెళ్లింది కమలాబాయి ఒక్కతే.