గుట్టా? మిల్లా?

ఆ రోజుకి వేసుకున్న ప్లాను చాలా సులువైనది. టైమ్‌కీపరు గారు రెండున్నరకి డ్యూటీ దిగి, మూడింటికల్లా ఇంటికి వస్తారు. భార్యాభర్తలూ కూతురూ ఒకచోట కూర్చుని, కూతురి ఫోనులో ఒక్క మీట నొక్కుతారు. సాయంత్రం ఐదింటితో గడువు ముగుస్తుంది కాబట్టి మధ్యలో రెండు గంటలు ఎందుకైనా మంచిదని ఉంచుకున్నారు. ఇరవై రెండేళ్ళుగా డిపోలో నిలబడి బస్సుల రాకపోకలు రిజిస్టరులో రాస్తున్న మనిషి వేసిన ప్లాను మరి.

నొక్కవలసింది రెండు పేర్లలో ఒకటి. ఊరికి తూర్పున చిన్న గుట్ట మీద ఉన్న యూనివర్సిటీ ఒకటి. దాన్ని అందరూ గుట్ట అంటారు. పడమటి వైపు మూతపడిన నూలుమిల్లులో పెట్టింది ఇంకొకటి, అది మిల్లు. వాటికి పొడుగాటి అసలు పేర్లున్నాయి గానీ వాటిని దరఖాస్తులే వాడతాయి, మనుషులు వాడరు. రెండూ ప్రభుత్వానివే, రెండూ చిన్నవే. పెద్ద యూనివర్సిటీ పేరు చెబితే చుట్టాలు "ఓహో" అంటారు. వీటి పేరు చెబితే "అదెక్కడ?" అంటారు. రెండూ రోజూ ఇంటి నుంచి పోయి రాగలిగిన దూరంలోనే ఉన్నాయి. గుట్టలో జియాలజీ, మిల్లులో కెమిస్ట్రీ, రెండు చోట్లా అమ్మాయికి సీటొచ్చింది. ఒక్కచోటే వచ్చి ఉంటే ఆ ఇల్లు సుఖంగా ఉండేది.

అమ్మాయికి జియాలజీ అంటే ప్రాణం. ఊళ్ళో ఎక్కడ బోరు వేస్తున్నా, ఎక్కడ పునాదులు తవ్వుతున్నా ఆగి తొంగి చూసే పిల్ల. ఆమె మంచం కింద మూడు బిస్కెట్టు డబ్బాల నిండా రాళ్ళున్నాయి. ఒక్కోదానికీ చీటీ అంటించి ఉంటుంది. కానీ గుట్ట యాభై రెండు నిమిషాల దూరం, మిల్లు ముప్పై ఎనిమిది. నిమిషాలు లెక్కపెట్టుకుని బతికే నాన్నకి మిల్లే ఇష్టమై ఉంటుందని ఆమెకి గట్టి నమ్మకం.

నాన్నకి నిజానికి గుట్టే ఇష్టం. గుట్టకి వెళ్ళే బస్సు ఆయన డిపో నుంచే బయల్దేరుతుంది. పొద్దున ఎక్కించి, సాయంత్రం దిగడం కళ్ళారా చూసుకోవచ్చు. కానీ కూతురి స్నేహితురాలు మిల్లులో చేరింది. పిల్ల మనసు అటే ఉందని ఆయన అనుకున్నారు. ఇక అమ్మ. ఆ మంచం కింద ఊడ్చే మనిషి కాబట్టి కూతురికి ఏం కావాలో ఆమెకి తెలుసు. కానీ భర్తకి మిల్లే కావాలనుకుని, ఆయనకి ఎదురు చెప్పి ఇంట్లో గొడవ ఎందుకని ఊరుకుంది.

"మరి మిల్లేనా?" అన్నారు నాన్న, టిఫిను ప్లేటులోకి చూస్తూ.

"మిల్లే నాన్నా," అంది అమ్మాయి. "నా ఫ్రెండు కూడా అక్కడే ఉందిగా."

"చూశావా, నే చెప్పలా!" అన్నారాయన భార్యతో. ఆయన ఏమీ చెప్పి ఉండలేదు.

"మీరిద్దరూ అనుకున్నాక నేను కాదంటానా," అంది అమ్మ. అలా ముగ్గురికీ ఇష్టం లేని నిర్ణయం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ముగ్గురిలో ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు.

నాన్న డ్యూటీకి వెళ్ళాక అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మూడింటిదాకా ఆగితే తన మొహం తనని పట్టిస్తుందని భయం వేసింది. అందరి ముందూ నొక్కుతూ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నాన్న బాధపడతారు. అదేదో ఇప్పుడే ఒంటరిగా నొక్కేసి ఏడుపు కూడా ముగించుకుంటే, సాయంత్రానికి మొహం తేటపడుతుంది. పది గంటల ఐదు నిమిషాలకి ఆమె మిల్లు అని నొక్కింది. తెర మీద అడుగున చీమతలకాయంత ఎర్ర అక్షరాలు కనిపించాయి: ఎంపికను మూడు పర్యాయములు మాత్రమే నమోదు చేయవచ్చును. ఆమె వాటిని చదవలేదు. కళ్ళ నిండా నీళ్ళుంటే ఎవరు మాత్రం చదువుతారు?

అమ్మ వంటింట్లో ఒకే తువ్వాలుని నాలుగుసార్లు మడతపెట్టింది. ఐదోసారి మడతపెట్టబోతూ, గది లోపల డబ్బా మూత తీసిన చప్పుడు విని ఆగిపోయింది. ఆ తర్వాత ముక్కు చీదిన చప్పుడు. చెప్పులు వేసుకుని, "కూరగాయలు తెస్తానే" అని కేకేసి, సంచీ కూడా తీసుకోకుండా వీధి చివర తమ్ముడి జిరాక్సు షాపుకి వెళ్ళింది.

"నువ్వేం అడక్కుండా ఒక పని చెయ్యి. గుట్ట అని నొక్కు."

"బావకి తెలుసా?"

"అడగొద్దన్నానా?"

తమ్ముడు పాస్‌వర్డు కొట్టాడు. అది బంధువులందరికీ తెలుసు. మరిచిపోకూడదని హాల్లో క్యాలెండరు మీదే రాసి పెట్టుకున్నారు. "అక్కా, ఇక్కడ ఆల్రెడీ మిల్లు అని నొక్కేసి ఉందే!"

అమ్మ మొహం ఎర్రబడింది. ఇంట్లో పిల్ల ఏడుస్తోంది కాబట్టి ఈ పని దానిది కాదు. ఇక మిగిలింది ఆయనే. "చూశావట్రా మీ బావని! అందరం కలిసి నొక్కుదాం అని పొద్దున్న ఎంత చక్కగా చెప్పారో! డిపోకి పోగానే గుట్టుచప్పుడు కాకుండా నొక్కేశారు. ఆయనకే చేతనవుతుందా? మార్చు."

"అక్కా, బావ నన్ను చంపేస్తాడు."

"ఆయన సాయంత్రం చంపుతారు. నేను ఇప్పుడే చంపుతా."

పదకొండూ పదికి మిల్లు పోయి గుట్ట వచ్చింది. తమ్ముడు ఎర్ర అక్షరాలు చదివాడు గానీ, అక్క మొహం చూసి వాటి ప్రస్తావన తేలేదు.

డ్యూటీలో ఉండగా ఫోను సొరుగులో పెట్టడం టైమ్‌కీపరు గారి నియమం. ఒంటిగంటకి భోజనానికి కూర్చుని తీసి చూస్తే, దరఖాస్తులో ఇచ్చిన నంబరు ఆయనదే కాబట్టి, రెండు మెసేజీలు వచ్చి ఉన్నాయి. పది ఐదుకి మిల్లు. పదకొండూ పదికి గుట్ట. ఆయన ముద్ద పక్కన పెట్టి ఆలోచించారు. అంటే పిల్ల ఆత్రం పట్టలేక తన ఇష్టప్రకారం మిల్లు నొక్కేసింది. సరే. ఆ తర్వాత గుట్ట ఎలా వచ్చింది? పోయిన నెల నిద్రపట్టక, గుట్ట బస్సయితే మన డిపో నుంచే బయల్దేరుతుందే అని ఆయన నోరు జారి భార్య దగ్గర అన్న మాట గుర్తొచ్చింది. అంతే, ఆవిడ పిల్లని కూర్చోబెట్టి, మీ నాన్న కోసమే అని చెప్పి మనసు విరిచి ఉంటుంది. పిల్ల నోరెత్తకుండా మార్చి ఉంటుంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గాఢనిద్రలో ఉందని ఆయనకి తెలియదు.

నా కళ్ళ ముందు ఉండాలని పిల్ల చదువుకి అడ్డం పడతానా? ఛీ! ఆయన బస్‌పాసులు ఇచ్చే గుమాస్తా దగ్గరికి వెళ్ళి, తన జీవితంలో అంత పెద్ద త్యాగం ఎప్పుడూ చేయలేదన్న గొంతుతో, "కాస్త ఇందులో మిల్లు అని నొక్కు బాబూ" అన్నారు.

"ఇదే ఆఖరుసారి అంటోంది సార్. నొక్కమంటారా?"

"నొక్కు. మాట మీద నిలబడాలి."

మూడింటికి ఆయన ఇంట్లో అడుగుపెట్టి, చెప్పులు కూడా విప్పకుండా కూతురి తల మీద చెయ్యి వేశారు. "ఏం దిగులు పడకు తల్లీ. మళ్ళీ మిల్లే పెట్టించేశా. ఇంక దాన్ని ఎవరూ కదపలేరు. బ్రహ్మ దిగొచ్చినా కదపలేడు."

వంటింట్లో గ్లాసు కింద పడింది.

"మళ్ళీ ఏంటి?" అంది అమ్మ బయటికొస్తూ. "అయితే పొద్దున నొక్కింది కూడా మీరే కదూ?"

"నేనా! పొద్దున నొక్కింది పిల్ల. మధ్యలో మార్పించింది నువ్వు!"

"నేను మార్పించడమేంటి, నేనే మార్చా! అది రాళ్ళు ముందేసుకుని ఏడుస్తుంటే చూస్తూ ఊరుకోమంటారా?"

"రాళ్ళేంటి? ఏడవడమేంటి?" ఆయన కూతురి వైపు తిరిగారు. "నీకు మిల్లు వద్దా?"

"నీకు కావాలి కదా నాన్నా!"

"నాకెందుకే? నేను చదువుతానా?"

ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. పావుగంట సేపు సాగిన ఆ కేకల్లోంచి మూడు సంగతులు బయటపడ్డాయి. ముగ్గురికీ గుట్టే కావాలి. మూడు అవకాశాలూ అయిపోయాయి. సీటు మిల్లులో బిగుసుకుపోయింది.

అమ్మాయి ఎర్ర అక్షరాల కింద ఇంకా చిన్న అక్షరాలు వెతికి చదివింది. తదుపరి మార్పులు కావలసినవారు, కోరుకున్న యూనివర్సిటీ కార్యాలయంలో, తండ్రి లేక తల్లి సంతకంతో, ఐదు గంటల లోపు స్వయంగా హాజరు కావలెను. గడియారంలో మూడూ ఇరవై ఆరు.

"మూడూ నలభై ఐదు బస్సు ఉంది," అన్నారు నాన్న. "దాని తర్వాతది నాలుగున్నర. అది పనికిరాదు."

మార్కుల కాగితాలున్న ఫైలు బీరువాలో లేదు. బీరువా పైన లేదు. ఏదైనా జాగ్రత్తగా ఉండాలంటే పరుపు కింద పెట్టే అలవాటు అమ్మకి ఉంది గానీ, ఏ పరుపు అన్నది ఆమెకే గుర్తుండదు. మూడో పరుపు ఎత్తాక దొరికింది. తండ్రీ కూతుళ్ళు పరిగెత్తి డిపో చేరేసరికి బస్సు గేటు దాటడానికి ముక్కు బయటపెట్టింది. ఫైలుతో వస్తున్న అమ్మ ఇంకా వీధి మలుపు దగ్గరే ఉంది.

పెళ్ళివాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా, ఎమ్మెల్యేగారి బావమరిది బెదిరించినా, ఇరవై రెండేళ్ళలో ఒక్క బస్సుని ఒక్క నిమిషం ఆపని మనిషి ఆయన. ఆ మనిషి వెళ్ళి బస్సుకి ఎదురుగా చేతులు చాచి నిలబడ్డారు.

"టైమైంది సార్!" అన్నాడు డ్రైవరు, తను ఏదైనా పరీక్షలో ఉన్నానేమోనని అనుమానంగా.

"తెలుసు. ఆపు."

కండక్టరు కిందికి దిగి కాగితం తీశాడు. "నాలుగు నిమిషాలు లేటు సార్. కారణం ఏం రాయమంటారు?"

రొప్పుతూ వస్తున్న భార్యని చూస్తూ ఆయన, "సాంకేతిక లోపం అని రాయి," అన్నారు.

యాభై రెండు నిమిషాలూ అమ్మాయి కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. రోడ్డు మీద గేదె అడ్డం వస్తే నాన్న వాచీ చూసుకున్నారు. ఎవరైనా దిగడానికి తాపీగా లేస్తే అమ్మ వాళ్ళ వీపు వైపు కాల్చేసేలా చూసింది. ఒక పెద్దాయన చిల్లర కోసం జేబులన్నీ తడుముకుంటుంటే, "నేనిస్తా, దిగండి బాబాయ్ గారూ," అని ఆమె ఏడుపు గొంతుతో బతిమాలుకుంది. గుట్ట కింద దిగేసరికి నాలుగూ నలభై ఒకటి. పైకి నూట పది మెట్లు.

ఆఫీసులో ఒకే ఒక్క మేడమ్ మిగిలింది. కంప్యూటరు మీద గుడ్డ కప్పబోతోంది.

"మేడమ్, ఐదు దాకా టైముంది!" అన్నారు నాన్న, తలుపు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ.

"ఉంటే ఉంది. మిల్లులో వచ్చినవాళ్ళు ఇక్కడికెందుకొచ్చారు? అందరూ ఇక్కణ్ణుంచి అటు పోతామంటారు గానీ."

"మాకు గుట్టే కావాలండీ," అంది అమ్మ. "ముగ్గురికీ."

"సీటు ఒకరికే కదమ్మా. మూడుసార్లు ఎందుకు మార్చారు?"

ఆ ప్రశ్నకి ముగ్గురూ ఒకరి వైపు ఒకరు చూసుకున్నారు. ఆ చూపులు చూసి మేడమ్ ఇంకేం అడగలేదు. ఆవిడకీ ఇంట్లో మనుషులున్నట్టున్నారు. గుడ్డ తీసింది. సంతకాలు పెట్టించుకుంది. నాలుగూ యాభై ఆరుకి ముద్ర పడింది. జియాలజీ, గుట్ట. అమ్మాయి ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని చదివింది, మళ్ళీ చదివింది. నాన్న బెంచీ మీద కూలబడ్డారు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుని, ఆ రోజు మొదటిసారి నవ్వింది.

"సోమవారం నుంచి క్లాసులు," అంది మేడమ్, మళ్ళీ గుడ్డ కప్పుతూ. "తొమ్మిదిన్నరకి మిల్లు క్యాంపసులో ఉండాలి."

"మిల్లా?" అన్నారు ముగ్గురూ.

"జియాలజీ బిల్డింగు గోడలు విచ్చుకున్నాయి. గుట్ట ఆ పక్కంతా జారుతోందట. కొత్తది కట్టేదాకా డిపార్టుమెంటు మొత్తాన్నీ మిల్లుకి పంపారు. మూడేళ్ళు పడుతుందిట."

"మా అమ్మాయి కోర్సు ఎన్నేళ్ళండీ?" అన్నారు నాన్న నీరసంగా.

"మూడేళ్ళే."

"అంటే పొద్దున టిఫిను దగ్గర మనం అనుకున్నదే అయిందన్నమాట," అంది అమ్మ.

అప్పటికే అమ్మాయి అక్కడ లేదు. వెతుక్కుంటూ వెళితే వెనకవైపు, తాడు కట్టిన ఒక భవనం ముందు గొంతుక్కూర్చుని ఉంది. పునాది నుంచి కిటికీ దాకా గోడ చెయ్యి పట్టేంత విచ్చుకుంది. పక్కనే కోసుకుపోయిన మట్టిగట్టుని వేలితో గీకి చూస్తోంది.

"నాన్నా, ఇటు చూడు! పైనంతా రాయి, కింద బంకమట్టి పొర. వాన నీళ్ళు దిగితే జారక ఏం చేస్తుంది?" పొద్దుటి నుంచి ఏడ్చిన ఆ మొహం దీపంలా వెలుగుతోంది. "దీన్ని ఎవరూ చూసుకోలేదా?"

రాళ్ళని చెక్కపెట్టెల్లో సర్దుతున్న ముసలి అటెండరు తల ఎత్తి, బోసినోటితో పకపకా నవ్వాడు.

"ముప్పై ఏళ్ళు ఈ గదుల్లోనే కూర్చుని నేల పొరల గురించి పాఠాలు చెప్పారమ్మా. తాము కూర్చున్న చోట అడుగున ఏముందో అని అడుగుదామని ఒక్కళ్ళకీ తోచలేదు!"

ఆ మాటకి నవ్వే అర్హత మిగతా ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది.