ప్రధానమంత్రికి పెసరట్లు

శనివారం పొద్దున్నే భీమశంకరం పట్టు లాల్చీ తొడుక్కుని, కొత్త శాలువా సంచీలో పెట్టుకుని, అద్దంలో తనకి తనే నమస్కారం పెట్టుకున్నాడు. అమెరికాలో, న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరో తెలుగు సంఘానికి ఆయన అధ్యక్షుడు. సాయంత్రం ఉగాది సభ, అందులోనే సంఘం ఎన్నిక. వీరభద్రం పోటీకి కాలు దువ్వుతున్నాడు. దువ్వుకోనీ! ముఖ్య అతిథి మామూలువాడా? న్యూయార్క్ వచ్చిన ఓ చిన్న కరీబియన్ దేశపు ప్రధానమంత్రి! ఆయన ముత్తాతలు మన వైపు నుంచి చెరుకు తోటలకి వెళ్ళినవాళ్ళే. అంతటివాణ్ణి వేదిక ఎక్కించాక తనని దింపే మొనగాడెవడు?

తీరా హోటల్‌కి వెళ్తే ప్రధానమంత్రి తల పట్టుకుని కూర్చున్నాడు.

"సభకి రాలేను, వెంటనే ఫ్లైట్ ఎక్కాలి," అన్నాడు ఇంగ్లీషులో. "మా ప్రెసిడెంట్ గారు రిబ్బన్లు కత్తిరిస్తారు, పాలించేది నేను. అదీ పార్లమెంటులో మెజారిటీ ఉన్నన్నాళ్ళే. నాతో వచ్చిన ముగ్గురు ఎంపీలకి అపోజిషన్ నుంచి ఒకటే ఫోన్లు. అవిశ్వాస తీర్మానం పెట్టారు."

భీమశంకరం గుండెల్లో రాయి పడింది. అతిథి లేకపోతే తన పదవి గల్లంతే!

"ఓస్, ఇంతేనా సార్! మా రాష్ట్రంలో ఇది పిల్లకాయల ఆట. క్యాంపు పెట్టేద్దాం. ఫోన్లు లాక్కోవాలి, కడుపునిండా పెట్టాలి, గడప దాటనివ్వకూడదు!"

గంటలో ప్రధానమంత్రీ, ముగ్గురు ఎంపీలూ భీమశంకరం అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. ఫోన్లన్నీ బియ్యం డబ్బాలో పడ్డాయి. వాళ్ళకి నమ్మకం కుదరాలని ఆయన తన బ్లాక్‌బెర్రీ కూడా అందులోనే పడేశాడు.

"ఎవరండీ వీళ్ళు?" అంది భార్య సుబ్బులు.

"ప్రభుత్వం! పెసరట్లు వెయ్యి."

ఇంతలో మైకు సంగతి అడగడానికి కమిటీ మెంబర్ లక్ష్మీపతి తలుపు కొట్టాడు. సందులోంచి చూస్తే, మనవాళ్ళలాగే ఉన్న కొత్త మొహాలు ముగ్గురు పెసరట్లు లాగిస్తున్నారు.

"వీళ్ళెవరు గురూ గారూ?"

"ష్! వీళ్ళ ఓట్లు చేజారితే కొంప మునుగుతుంది. సాయంత్రం దాకా ఎవరికీ చెప్పకు!"

చెప్పొద్దంటే లక్ష్మీపతి ఊరుకుంటాడా! భీమశంకరం దొంగ ఓటర్లని దింపాడన్న కబురు పక్కనున్న ఎడిసన్ ఊరు చేరేసరికి ముగ్గురు కాస్తా ముప్పైమంది అయ్యారు, మధ్యాహ్నానికి రెండు బస్సులయ్యారు. నిజమేమిటో కనుక్కుందామని సొంత మనుషులంతా ఆయనకి ఫోన్లు చేశారు.

"ఏమండీ, బియ్యం మోగుతోంది!"

"మోగనీవే! అపోజిషన్ వాళ్ళు!"

నాలుగింటికి ప్రధానమంత్రి ఫోన్ బయటికి తీశారు. ఎంపీలు ఎంతకీ దొరక్కపోయేసరికి అపోజిషన్ తీర్మానం వెనక్కి తీసుకుందట! ప్రధానమంత్రి భీమశంకరాన్ని వాటేసుకుని, "మా ప్రభుత్వాన్ని నిలబెట్టావు!" అన్నాడు. ఆ ఊపులో అందరూ వ్యాన్‌లో పాటలు పాడుకుంటూ హాలుకి వెళ్ళారు. పాపం, భీమశంకరానికి అంత సంతోషం ఎన్నడూ లేదు.

హాల్లో ఎన్నిక అయిపోయింది. దొంగ ఓటర్లు దిగేలోపే కానిచ్చేద్దామని అందరూ ముందే చేతులెత్తి ఓట్లేసేశారు. అధ్యక్షుడి కుర్చీలో వీరభద్రం! ఆయన నవ్వుతూ వచ్చి, భీమశంకరం చేతిలో శాలువా తీసుకుని ప్రధానమంత్రికి కప్పాడు. భీమశంకరానికి ఏడుపొక్కటే తక్కువ.

ప్రధానమంత్రి జాలిగా ఆయన భుజం తట్టాడు. "మా దేశంలో ఓడినవాణ్ణి ప్రతిపక్ష నాయకుణ్ణి చేసి ఆఫీసూ, కారూ ఇస్తాం. మీ సంఘంలో ఏమిస్తారు?"

"ఇంటినిండా అంట్లున్నాయి, ఇస్తాను," అంది సుబ్బులు.