ముప్పై వాట్ల కబురు

1948 సెప్టెంబరు పదిహేడు, శుక్రవారం. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన వీరయ్య పొద్దున్నే చాయ్ తాగుతూ ఒక నిశ్చయానికి వచ్చాడు. సాయంత్రం రేడియోలో ఏదో పెద్ద ప్రకటన ఉందంటున్నారు. దాన్ని వీధి మొత్తానికి వినిపించాలి. రాజ్యంలోకి భారత సైన్యం దిగి, యుద్ధం మొదలై అది ఐదో రోజు. పక్కింటి జైతున్ బీ కొడుకు పీర్ మహమ్మద్, రైలింజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్, వాడి అనే జంక్షన్‌లో చిక్కుకుపోయాడు. ఆమె నడుమగోడ పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నా, లడాయి బంద్ అయితేనే నా కొడుకు ఇంటికొస్తడు. ఒక్క మాట సుత పోవద్దు."

"పరేషాన్ కాకు చెల్లె. ఒక్కక్షరం పోదు."

మాట ఇచ్చాక గాని ఆయనకు తన రేడియో మూడు వాట్లదేనని గుర్తు రాలేదు. వెంటనే రెజిమెంటల్ బజార్‌లో పెళ్లిళ్లకు మైకులు కిరాయికిచ్చే చాంద్‌పాషాను పిలిపించాడు.

"ముప్పై వాట్ల యాంప్లిఫయర్, వీరయ్య భాయ్! వాట్లు పెరిగితే మాట సాఫ్ అయితది. పెండ్లికొడుకు గుటక మింగింది సుత బజార్ దాకా వినబడ్తది."

పదింతల వాట్లు, పదింతల స్పష్టత. ఇంజన్ల శక్తి లెక్కగట్టిన మనిషికి ఇది సబబుగానే తోచింది. ఆయన భార్య సుమిత్ర మాత్రం బియ్యం చెరగడం ఆపి తలెత్తింది.

"మన రేడియో పెట్టెల గరగర ఉన్నది గద. అది సుత పదింతలైతది, జెర సోచాయించుండ్రి."

"యంత్రాల ముచ్చట నీకెందుకే?"

సాయంత్రం మిద్దె మీద బాకా కట్టి, తీగలు కలిపి, మీట నొక్కారు. ప్రకటన ఇంకా మొదలు కాలేదు. గరగర ఒక్కటే వచ్చింది, ముప్పై వాట్ల బలంతో. కంకర మీద ఇనుప చక్రాలు వందల కొద్దీ దొర్లినట్లు వీధి అదిరింది.

"టాంకులొచ్చినయ్!" అంటూ ఎదురింటి లచ్చమ్మ తలుపు బిడాయించింది. ఆ తలుపు చూసి దుకాణాలు మూశారు. దుకాణాలు చూసి, మోండా మార్కెట్ నుంచి వస్తున్నవాళ్లు గంపలు దించి దొరికిన ఇంట్లో దూరారు. ఎవరో తెల్ల ధోవతిని కర్రకు కట్టి మిద్దె మీద నిలిపారు. అది చూసి ఇంటింటా తెల్ల దుప్పట్లు లేచాయి.

"బంద్ చెయ్యవయ్యా!"

"చేస్తనే ఉన్న భాయ్, మీట ఇరుక్కున్నది!"

యాంప్లిఫయర్ 'టప్'మని పొగ వదిలి చల్లబడింది. బయట జైతున్ బీ తప్ప నరపురుగు లేదు. ఆమె ఆ గోడను వదలనే లేదు.

అప్పుడు వినిపించింది. లోపల వీరయ్య రేడియో, తన మూడు వాట్లతో, ఇంకా పలుకుతూనే ఉంది. సుమిత్ర దాని గొంతు కాస్త తగ్గించింది. గరగర అణిగింది, మాట తేలింది. భయంతో వీధంతా ఊపిరి బిగబట్టి ఉంది గనుక అది గోడ దాటింది, గడపలు దాటింది, మూసిన తలుపుల సందుల్లోకి వెళ్లింది. ముప్పై ఏళ్లు ఇంజన్ల హోరులో బతికిన వీరయ్య చేతులు కట్టుకుని నిలబడిపోయాడు. భూతద్దం కింద అక్షరంతోపాటు మరకా పెరుగుతుంది. ఆ సంగతి తనకు తెలియనిది కాదు. కానీ తీగైనా లేని గాలిలో వచ్చిన ఒక మనిషి గొంతుకు ఇంత నిశ్శబ్దం దారి ఇవ్వడం ఆయన ఎన్నడూ ఎరగడు.

"అన్నా... లడాయి బంద్ అన్నరు గద?"

"బంద్ అన్నరు చెల్లె, సర్కారు లొంగిపోయిందట. ఒక్కక్షరం పోలే."

జైతున్ బీ గోడ మీద తల ఆన్చి ఏడ్చింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. దుప్పట్లు దించాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

గడియారం ప్రకారం చూస్తే, ఆ వీధి రాజ్యం కంటే పావుగంట ముందే లొంగిపోయింది.