దుంగ పాతిన చోటల్లా నగరమే

"మహాఘనత వహించిన ప్రభువులకి, ఈ కొత్త ఖండంలో పదకొండు నెలల్లో ఆరు మహానగరాలు స్థాపించి తమ పాదాల చెంత సమర్పించుకుంటున్నాను" అని గవర్నర్ డాన్ గుతియెర్రె స్పెయిన్‌కి ఉత్తరం రాయించాడు. అందులో ఒక చిన్న పొరపాటుంది. నగరం ఒకటే. దాన్నే ఆరుచోట్లకి మోశారు.

ఇందులో గవర్నరుగారి తప్పేం లేదు. చట్టమే అలా ఉంది. కొత్త నేల మీద నగరం పుట్టాలంటే నేరస్థుల్ని కట్టేసి శిక్షించే స్తంభంగా దుంగ ఒకటి పాతాలి. దొర కత్తి దూసి నాలుగు గడ్డిపరకలు కొయ్యాలి. నోటరీ అదంతా, ముప్పై కుటుంబాల లెక్కతో సహా, కాగితం మీద పెట్టి సంతకం చెయ్యాలి. ఇళ్ళ ప్రస్తావన చట్టంలో ఎక్కడా లేదు. మొదటి నగరాన్ని చీమలు తిన్నాయి. రెండోదాన్ని సముద్రం పట్టుకుపోయింది. మూడోచోట దోమలు ఎంత లావుగా ఉండేవంటే, కౌన్సిల్ మీటింగుకి కోరం చూసేటప్పుడు రెండింటిని పొరపాటున సభ్యుల కింద లెక్కేశారు. ప్రతిసారీ దుంగ పీకడం, భుజాన వేసుకోవడం, పక్క తీరంలో పాతడం. కొత్త పేరు, కొత్త కాగితం.

ఆ కాగితాలన్నీ రాసినవాడు నోటరీ షిమేనో. చక్కటి దస్తూరీ. దొంగ దస్తావేజు రాసిన నోటరీకి కుడిచెయ్యి నరుకుతారన్న సంగతి అతనికి బాగా తెలుసు. ఆ రూలు కూడా అందమైన అక్షరాలతో ఎత్తిరాసి పెట్టుకున్నాడు.

జనాభా పదముగ్గురు. గవర్నరు, నోటరీ, ఇద్దరు మేయర్లు, ఆరుగురు కౌన్సిలర్లు, జెండా మోసే అధికారి, తూనికల ఇన్‌స్పెక్టరు. మిగిలినవాడు తెల్లో అనే చెప్పులు కుట్టేవాడు. అతను ప్రజ.

ఇంతలో స్పెయిన్ నుంచి జడ్జి ఓర్దోన్యోగారి ఓడ వచ్చి లంగరేసింది. ఆరు నగరాలూ కళ్ళారా చూసి రిపోర్టు పంపమని ఆర్డరు.

"ఆరూ చూస్తాడటరా!" అన్నాడు గవర్నరు.

"చూశాడంటే నా చెయ్యి పోతుంది దొరా."

"నీది చెయ్యే. నాది పరువు!"

"పరువు మళ్ళీ సంపాదించుకోవచ్చు దొరా. చెయ్యి మొలవదు."

గవర్నరు గడ్డం నిమురుకున్నాడు. "ఆయన భోంచేశాక పడుకుంటాడా?"

"మన స్పెయిన్‌వాడేగా దొరా. పడుకోకుండా ఎలా ఉంటాడు?"

ప్రోగ్రామ్ ఖరారైంది. జడ్జిగారు పొద్దున ఒక నగరం చూసి, భోంచేసి, ఓడెక్కి పడుకుంటారు. ఆయన నిద్రలో ఉండగా ఓడ సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము చుట్టూ తిరిగి వెళ్తుంది. నగరం అడ్డదారిన నడిచి ముందే చేరుతుంది. సాయంత్రం రెండో నగరం. అలా మూడు రోజుల్లో ఇన్‌స్పెక్షన్ పూర్తి.

మొదటి నగరంలో తెల్లో గడ్డంతో కనిపించాడు. రెండోదాంట్లో మీసంతో సరిపెట్టాడు. మూడోదాంట్లో అదీ లేదు. నాలుగోచోట నల్ల ముసుగేసుకుని వితంతువై, గవర్నరుగారి పాలన తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. జడ్జిగారు చలించిపోయి ఆమెకి పింఛను సిఫారసు చేశారు.

"ఎన్నిసార్లని నేనొక్కణ్ణే ప్రజ కావాలయ్యా?" అని తెల్లో అడ్డదారిలో దుంగ కింద మూలిగాడు. "ఆ కౌన్సిలర్లలో ఒకణ్ణి ప్రజని చెయ్యండి ఈసారి."

"నోరు ముయ్యవయ్యా" అన్నాడు షిమేనో. "పదవిలో ఉన్నవాణ్ణి పట్టుకుని ప్రజని చేస్తారా ఎక్కడైనా?"

ఆరో నగరం దాకా అంతా సవ్యంగానే సాగింది. అక్కడికి రొట్టెల గంపతో ఇనావ వచ్చింది.

కొండ అవతల వెయ్యి ఇళ్ళ ఊరుంది. షిమేనో దస్తావేజుల్లో ఆ ప్రాంతం 'నిర్జనం' అని ఉంటుంది. ఆ నిర్జన ప్రదేశం నుంచే వీళ్ళకి రోజూ మొక్కజొన్న రొట్టెలూ, కాల్చిన చేపలూ వస్తాయి. తెచ్చేది ఆ ఊరిపెద్దకి అక్కగారైన ఇనావ. పదకొండు నెలల్లో స్పానిష్ నేర్చేసుకుంది. ఆవిడ గంప దించి, ఆయాసపడుతున్న మేయర్లనీ, దుంగనీ చూసింది.

"మళ్ళీ మోసుకొచ్చారా! రోజుకి రెండుసార్లా? ఏం, ఎత్తుకు తిప్పితేగానీ నిద్రపోదా మీ దుంగ?"

జడ్జిగారు తల తిప్పారు. "అమ్మా, ఇది ఎన్నో నగరం?"

"నగరమా? ఏదీ?" ఇనావ నిజాయితీగా నాలుగు వైపులా వెతికింది. "ఓ, మాదా! అది కొండ అవతల. రా నాయనా, చూపిస్తా."

జడ్జిగారు షిమేనో వైపు చూశారు. షిమేనో గవర్నరు వైపు చూశాడు. గవర్నరు ఒక మేఘాన్ని శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

షిమేనో మోకాళ్ళ మీద పడ్డాడు. "ఒప్పుకుంటున్నానయ్యా. ఆరూ లేవు. ఒక్కటి కూడా లేదు. ఉన్నది దుంగ."

"చెయ్యి పెట్టు దాని మీద" అన్నారు జడ్జిగారు.

గొడ్డలి వచ్చింది. నగరానికి ఇదే మొదటి అధికారిక కార్యక్రమం కావడంతో కౌన్సిలర్లు బట్టలు దులుపుకుని వరసలో నిలబడ్డారు. తూనికల ఇన్‌స్పెక్టరు గొడ్డలి బరువు చూసి తలూపాడు.

షిమేనో కళ్ళు మూసుకున్నాడు గానీ నోరు మూసుకోలేకపోయాడు. "అయ్యా, ఒక్క సందేహం. శిక్ష నగర స్తంభం మీదే అమలు చెయ్యాలని చట్టం. నగరం లేదంటే ఇది స్తంభం కాదు, దుంగ. దుంగ మీద నరికితే చెల్లదు. నగరం ఉందంటారా, నేను రాసింది నిజం. అప్పుడూ నరకకూడదు."

జడ్జిగారు పదకొండేళ్ళు చట్టం చదివిన మనిషి. ఆయనకి తల తిరిగింది. వెళ్ళి పడుకున్నారు. లేచాక ముఖం వెలిగిపోతూ వచ్చారు.

"ముందు ఇక్కడ నగరం స్థాపించండి. తర్వాత నరుకుదాం."

గవర్నరుగారికి ఆనందబాష్పాలు వచ్చాయి. కత్తి దూసి నాలుగు పరకలు కోశాడు. ఇక కాగితం మిగిలింది. సముద్రానికి ఈ వైపున ఇంకో నోటరీ లేడు. షిమేనోనే కూర్చోబెట్టి, కలం ఇచ్చి, జడ్జిగారు స్వయంగా చెప్పసాగారు.

"జనాభా ఎంత?"

షిమేనో తెల్లో వైపు చూశాడు. ఇంత నిజాయితీగా జీవితంలో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. "పదవులు తీసేస్తే ఒక్కడయ్యా."

"ముప్పై కుటుంబాలు లేందే నగరం కాదు. ముప్పై అని రాయి."

"లేరు కదయ్యా!"

"నీ చెయ్యి చట్టప్రకారం నరకాలా, వద్దా? రాయి!"

షిమేనో కలం సిరాలో ముంచాడు.

"అయ్యా, ఇంకొకటి కూడా ఒప్పుకుంటాను" అన్నాడు మెల్లిగా. "మొదటి నగరం కాగితం రాసేటప్పుడు కూడా గవర్నరుగారు ఇలాగే పక్కన నిలబడి ముప్పై అనే చెప్పారు."