రోల్డ్‌గోల్డ్ మీటల మిషను

తయారైన నాటి నుంచి నేటి వరకు ఒక్కసారి కూడా చెడిపోని యంత్రం ప్రపంచంలో ఒక్కటే ఉన్నది. అది మచిలీపట్నంలో ఉన్నది. ఈ సంగతి జపాను వారికింకా తెలియదు. తెలిస్తే, చూడటానికి వచ్చేవాళ్ళకి బందరులో ఉన్న లాడ్జీలు చాలవు.

యంత్రం పేరు సి.ఎన్.సి. లేతు. కంప్యూటరు చెప్పినట్టు ఇనుమును చెక్కుతుంది. 1998లో 'ఆధునిక యంత్రవిద్యా శిక్షణ కేంద్రం' వారు దీన్ని తెప్పించారు. ఆ కేంద్రానికి ఎదురుగా నాది జిరాక్స్ షాపు. కాబట్టి అక్కడి ఫారాల గురించి, సర్క్యులర్ల గురించి నాకంటే ఎక్కువ తెలిసినవాడు లేడు (ప్రతీదీ మూడు కాపీలు).

కేంద్రం ప్రిన్సిపాలు రాధాకృష్ణమూర్తిగారు ముప్పై ఏళ్ళు ఆఫీసు ఫైళ్ళు చూసిన మనిషి. యంత్రంతో వచ్చిన గ్యారంటీ కాగితాన్ని ఆయన మూడుసార్లు చదివారు. 'స్విచ్చి వేసిన రోజు నుంచి పన్నెండు నెలలు' అని ఉంది. స్విచ్చి వేయకపోతే గ్యారంటీ ఎప్పటికీ అయిపోదని ఆయన కనిపెట్టారు. ఇందులో తప్పు పట్టాలని నేనూ ప్రయత్నించాను. నా వల్ల కాలేదు.

మరి విద్యార్థులు నేర్చుకోవద్దా? అందుకోసం యంత్రానికి ఉన్న మీటల పలకకి ఒక నకలు చేయించారు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకి అచ్చులు చెక్కే శోభనాద్రికి ఆ పని అప్పగించారు. ఆయన ఇత్తడి మీద ప్రతి మీటా, ప్రతి అక్షరం వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కాడు. చెక్కి ఊరుకున్నాడా? చేతి అలవాటు కొద్దీ దానికి బంగారు పూత కూడా పూయించి తెచ్చాడు. అసలు యంత్రానికి గ్యారంటీ ఏడాది. నకలుకి శోభనాద్రి ఐదేళ్ళు ఇచ్చాడు.

ఆ శోభనాద్రి కొడుకు నాగసాయి మొదటి బ్యాచిలోనే చేరాడు. దానికి కారణం ఉంది. మిషను మీద చెక్కిన అచ్చులు ఎక్కడి నుంచో లారీల్లో దిగడం మొదలయ్యాక శోభనాద్రి దగ్గరికి వచ్చే షావుకార్లు తగ్గిపోయారు. కొడుకుని చేర్పించడానికి వచ్చిన రోజు, జానెడు ఇత్తడి కడ్డీ ఒకటి వాడి చేతిలో పెట్టడం నా షాపులోంచి చూశాను.

"నన్ను పని లేకుండా కూచోబెట్టింది ఈ మిషనేరా సాయీ. అది నీ చేతికింద తిరగాలి. దీనిమీద ఒక్క గీత గీయించుకు రా. ఎంత బాగా గీస్తుందో నేనూ చూస్తాను," అన్నాడు.

శిక్షణ పద్ధతి శాస్త్రీయంగా ఉండేది. విద్యార్థి బంగారు పలక ముందు నిలబడి, "సైకిల్ స్టార్ట్ నొక్కుచున్నాను" అనాలి. సైకిల్ స్టార్ట్ అంటే యంత్రాన్ని కదిలించే పచ్చ మీట. మూర్తిగారు "నొక్కుము" అనాలి. అప్పుడు నొక్కాలి. నొక్కగానే వెనక బెంచీ వాళ్ళు 'జుయ్య్' మని శబ్దం చేయాలి. దీన్ని ధ్వని విభాగం అనేవారు. దానికి పాతిక మార్కులు (గొంతు బొంగురుపోతే వైద్యుడి సర్టిఫికెట్టు, మూడు కాపీలు).

దసరాకి ఆయుధపూజ చేశారు. యంత్రానికి పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఆ మర్నాడు అటెండరు యలమంద గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "పూజ జరిగిన గదండీ. చెప్పులతో ఎలా వస్తారండీ?" అన్నాడు. మూర్తిగారు ఆలోచించి, సబబేనని సర్క్యులర్ తీశారు. ఏడో నియమం: యంత్రశాలలోనికి పాదరక్షలతో ప్రవేశించరాదు. ఆ నియమాన్ని ఉల్లంఘించినవాడు కోర్సు నడిచిన రెండేళ్ళలో ఒక్కడూ లేడు.

నాగసాయి ఫస్టున పాసయ్యాడు. హైదరాబాదులో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు పరీక్షకి పిలిచారు. ఇత్తడి కడ్డీ జేబులో వేసుకుని రైలెక్కాడు.

తర్వాత జరిగింది వాడు నా షాపులో స్టూలు మీద కూర్చుని చెప్పాడు. ఆ ఫ్యాక్టరీ సూపర్‌వైజరు వెంకటరమణగారిది నందివాడ. వీడిది బందరని తెలిసి, "మన గుడివాడ పక్కేనా!" అని సంతోషించారట. నాగసాయి పది నిమిషాల్లో ప్రోగ్రాం రాసి ఇస్తే, తప్పొకటి వెతికి దొరక్క, ఉద్యోగం నీదేనన్నట్టు భుజం తట్టారట. ముక్కుకి ఇనుము తొడిగిన బూట్లు ఇచ్చి, మిషను దగ్గరికి నడవమన్నారట.

నాగసాయి మిషను చుట్టూ నేలమీద గీసిన పసుపు గీత దాకా నడిచాడు. బూట్లు రెండూ విప్పి, గీతకి ఇవతల వరసగా పెట్టాడు. ఇనుప రజను పరుచుకున్న నేలమీద ఉత్తకాళ్ళతో వెళ్ళి నిలబడ్డాడు. "సైకిల్ స్టార్ట్ నొక్కుచున్నానండీ" అన్నాడు. ఆగాడు. ఎవరూ "నొక్కుము" అనలేదు.

"ఎవరికోసం బాబూ చూస్తున్నావు?" అని వెంకటరమణగారు అడిగేసరికి వాడి అరికాల్లోంచి రక్తం కారుతోంది.

పరీక్ష కాగితం నాకు చూపించాడు. ప్రోగ్రాం: చాలా బాగుంది. భద్రత: సున్న. కింద వెంకటరమణగారు చిన్న అక్షరాల్లో 'బాధగా ఉంది' అని కూడా రాశారు. ఆ కాగితానికి జిరాక్స్ తీస్తూ నేను నవ్వబోయి, వాడి కాలికున్న కట్టు చూసి మానేశాను. ఆ వేళ మాత్రం నాకు ఆ కేంద్రం తగలబడిపోతే బాగుండుననిపించింది.

ఇక్కడ కేంద్రం ఘనత చెప్పుకోవాలి. అక్కడ శిక్షకుడి ఉద్యోగం మూడేళ్ళుగా ఖాళీగా ఉంది. అర్హత: నడుస్తున్న సి.ఎన్.సి. యంత్రం ఎదుట ప్రత్యక్ష అనుభవం. అటువంటి మనిషి చుట్టుపక్కల ఒక్కడూ దొరకలేదు. ఇప్పుడు నాగసాయికి నాలుగు నిమిషాల అనుభవం ఉంది, కంపెనీ ముద్రతో రుజువూ ఉంది. మూర్తిగారు వెంటనే వేసేసుకున్నారు.

చేరిన రోజు నాగసాయి కొత్త బూట్లు తొడుక్కుని వచ్చాడు. సిలబస్ కాపీలు ఇవ్వడానికి వెళ్ళి నేను గుమ్మంలోనే ఉన్నాను. యలమంద "బాబూ, ఏడో నియమం" అంటున్నా వినకుండా లోపలికి నడిచి, యంత్రం మీది ప్లాస్టిక్ కవరు లాగేశాడు. ఇత్తడి కడ్డీ బిగించాడు. ముప్పైమంది విద్యార్థులూ లేచి నిలబడ్డారు. ఎవరి అనుమతీ అడగకుండా స్విచ్చి వేశాడు.

ఏమీ కాలేదు. మళ్ళీ వేశాడు. యంత్రం వెనక తలుపు తీసి చూస్తే, బందరు ఉప్పుగాలికి లోపలి తీగలన్నీ చిలుము పట్టి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో ముట్టుకుంటే రాలిపోయింది.

మూర్తిగారు పరుగున వచ్చారు. రిజిస్టరు తెరవబోతున్న నాగసాయి చెయ్యి పట్టుకున్నారు.

"చెడిపోయిందని మాత్రం రాయకు నాయనా. నడిచింది చెడిపోతుంది గానీ, నడవనిది చెడిపోవడమేమిటి? ఎవరైనా వింటే నవ్వుతారు," అన్నారు. ఆయనే కలం తీసి 'మరమ్మతులు: లేవు' అని రాశారు.

నాగసాయి కడ్డీ ఊడదీసి, బల్లమీద ఫ్యాను గాలికి ఎగురుతున్న నా సిలబస్ కాగితాల మీద బరువుగా పెట్టాడు. బయటికి వచ్చి బూట్లు విప్పి, విద్యార్థుల చెప్పుల పక్కన వరసలో పెట్టాడు. లోపలికి వెళ్ళి బంగారు పలక బల్లమీద నిలబెట్టి, తువ్వాలుతో తుడిచాడు. తళతళలాడింది. ఐదేళ్ళ గ్యారంటీలో ఇంకా రెండేళ్ళు మిగిలి ఉన్నాయి.

తర్వాత క్లాసు వైపు తిరిగి అడిగాడు.

"మీలో గొంతు బాగున్నవాళ్ళు ఎవరర్రా?"